పరీక్షకు ఒప్పుకున్నవారు: జంషెడ్‌పూర్ పరిసరాలతో ముడిపడిన ఒక వైద్య చరిత్ర

వైద్య పరిశోధనలో స్వచ్ఛందంగా పాల్గొనడమంటే, జవాబు ఇంకా ఎవరికీ తెలియని ఒక ప్రశ్న కోసం ఒక మనిషి తన ఒంటిని, కొన్నిసార్లు తన ఇంటిని, కొన్ని నెలల కాలాన్ని ఇవ్వడానికి ఒప్పుకోవడం. మందు పనిచేస్తుందని ముందే తెలిస్తే అది చికిత్స. తెలియనప్పుడే పరిశోధన. పాల్గొన్నవారికి మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు, కీడూ జరగవచ్చు. తేలిన జవాబు మాత్రం ఆ తర్వాత వచ్చే రోగులందరికీ పనికొస్తుంది. కాబట్టి ఈ చరిత్రను ఏ దశలో చూసినా రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. అడిగినప్పుడు కాదనే వీలు ఆ మనిషికి నిజంగా ఉందా? జవాబు దొరికాక అందులో అతని వాటా ఏమిటి?

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్, దాని చుట్టూ ఉన్న సింగ్‌భూమ్ జిల్లాలు ఇటీవల ఈ చరిత్రలో పెద్ద చోటు సంపాదించుకున్నాయి. 2019 నుంచి 2022 దాకా ఇక్కడి క్షయ రోగులు, వారి కుటుంబసభ్యులు వేల సంఖ్యలో ‘రేషన్స్’ అనే అధ్యయనంలో పాల్గొని, ప్రపంచం అరవై ఏళ్లుగా పక్కన పెట్టిన ఒక ప్రశ్నకు జవాబు తేల్చారు. వారు చేసినదాని విలువ తెలియాలంటే అసోం తేయాకు తోటల దగ్గర మొదలుపెట్టి సికింద్రాబాద్, మదనపల్లె, మద్రాసు, ఖమ్మం మీదుగా రావాలి.

సింగ్‌భూమ్ కూడా భాగమైన ఛోటా నాగ్‌పూర్ పీఠభూమి నుంచి 19వ శతాబ్దంలో ముండా, ఓరాన్, హో, సంతాల్ కుటుంబాలు వేలాదిగా అసోం తోటలకు వలస వెళ్ళాయి. ఒప్పందం మీద వేలిముద్ర పడిన తర్వాత తోట విడిచి వెళ్ళడం నేరం. 1882 నాటి చట్టం పారిపోయిన కూలీని పట్టుకునే అధికారం తోట యజమానికే ఇచ్చింది. ఆ తోటల్లో కలరా మాటిమాటికీ వచ్చేది. 1893లో భారతదేశానికి వచ్చిన వాల్డెమార్ హాఫ్కిన్ తన కలరా టీకాను పరీక్షించిన చోట్లలో ఆ తోటలు కూడా ఉన్నాయి.

హాఫ్కిన్ పద్ధతిలో మెచ్చుకోవలసింది ఉంది. 1892లో పారిస్‌లో టీకాను మొదట తన ఒంటికే వేసుకున్నాడు. ఇక్కడ బలవంతం చేయకుండా, ముందుకొచ్చినవారికే వేయాలన్నాడు. ఒకే బస్తీలో, ఒకే తిండి తిని, ఒకే నీళ్లు తాగేవారిలో టీకా వేసుకున్నవారిని, వేసుకోనివారిని పక్కపక్కన లెక్కించాడు. 1894లో కలకత్తాలోని కట్టల్‌బగాన్ బస్తీలో సుమారు 200 మందిలో 116 మంది టీకా వేసుకున్నారు. ఆ తర్వాత కలరా వచ్చిన 10 మందీ వేసుకోనివారే, వారిలో ఏడుగురు చనిపోయారు. తర్వాతి కాలపు టీకా పరీక్షలకు ఇలాంటి లెక్కలే దారి చూపాయి. అయితే బస్తీలో ఇంటి తలుపు వేసేసుకోవచ్చు. తోటలో కూలీకి ఆ తలుపు లేదు. సూది వద్దన్న కూలీ తోట వదిలి వెళ్ళలేడు, డాక్టరును తెచ్చినవాడే కూలి డబ్బులూ ఇస్తాడు. 1897 జనవరిలో బొంబాయిలోని బైకుల్లా జైలులో ప్లేగు టీకా వేయించుకోవడానికి ఖైదీలు ముందుకొచ్చారు. వారిది కూడా ఇలాంటి పరిస్థితే. వారు మరణభయంతోనే ఒప్పుకుని ఉండవచ్చు, ఆ భయం నిజమైనదే. కానీ గోడల మధ్య ఉన్నవాడు చెప్పిన ‘సరే’, స్వేచ్ఛగా తిరిగే మనిషి చెప్పిన ‘సరే’ ఒకే బరువు తూగవు.

అదే రోజుల్లో సికింద్రాబాద్‌లో ఇంకో రకం ఒప్పందం జరిగింది. దోమ కుడితే మలేరియా వస్తుందా, దోమ చచ్చిన నీళ్లు తాగితే వస్తుందా అన్నది రోనాల్డ్ రాస్‌కు 1895 నాటికి తెలియదు. లచ్మన్ అనే యువకుడికి దోమలున్న నీటిని తాగించి చూశాడు. పదకొండు రోజులకు జ్వరం వచ్చింది. మిగతావారిలో అలాంటి ఫలితం నిలకడగా రాకపోవడంతో రాస్ ఆ దారి వదిలేశాడు. 1897 ఆగస్టులో బేగంపేటలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి చేతి మీద మచ్చల రెక్కల దోమలను వదిలి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు రాస్ సొంత రాతల్లో నిలిచింది కాబట్టి మనకు తెలుసు. ఆ కాలంలో ఇలా ఒళ్ళు అప్పగించినవారిలో పేరు మిగిలిన భాగ్యం చాలా కొద్దిమందిదే. అతనికి ఇచ్చిన అణాలు మోసం కాదు, ఏమి చేస్తారో చూపించి, ధర చెప్పి ఇచ్చినవి. కానీ ప్రమాదం ఏమిటో చెప్పాలని, రోగం వస్తే వైద్యానికి పూచీ పడాలని ఆనాటి నియమం ఏదీ లేదు.

ఇక సింగ్‌భూమ్‌కు వస్తే, టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడి, మరుసటి ఏడాది సాక్చీ గ్రామం దగ్గర కర్మాగార నిర్మాణం మొదలుపెట్టింది. కూలీల కోసం చిన్న వైద్యశాల కూడా అప్పుడే వచ్చింది. ఇవాళ్టి టాటా మెయిన్ హాస్పిటల్‌కు అదే మూలం. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు, కాలీమాటి స్టేషను టాటానగర్ అయింది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి బెంగాల్–నాగ్‌పూర్ రైలు మార్గం వెంట వచ్చిన తెలుగువాళ్ళు బిష్టుపూర్, కద్మా, గోల్మురి వంటి పేటల్లో స్థిరపడ్డారు. ఇళ్ళ దగ్గర తెలుగు, పనిలో హిందీ, పక్కవాళ్ళతో బెంగాలీ, ఒడియా, సంతాలీ వినిపించే ఊరు ఇది. ఈ భాషల కలగలుపుకు వైద్య పరిశోధనలో ఎంత ప్రాధాన్యం ఉందో ముందు ముందు తెలుస్తుంది. కర్మాగారపు ఊళ్ళో పని, క్వార్టరు, ఆసుపత్రి మూడూ ఒకే చేతి కిందివి. డాక్టరు అడిగినదానికి కాదనడం ఇక్కడ తోటలోకంటే తేలికే గానీ పూర్తిగా తేలిక కాదు. పారిశ్రామిక పట్టణాల్లో కార్మికుల మీద జరిగే ప్రతి అధ్యయనానికీ ఈ చిక్కు ఉంటుంది. నేటి నైతిక మార్గదర్శకాలు ఉద్యోగులను, ఖైదీలను, విద్యార్థులను ప్రత్యేక రక్షణ అవసరమైనవారిగా చూడడానికి కారణం అదే.

క్షయ విషయానికి వస్తే, తెలుగు నేల మీద దాని పరిశోధనకు మొదటి పెద్ద కేంద్రం మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. అక్కడి యూనియన్ మిషన్ క్షయ శానటోరియం 1915 నుంచి నడిచింది. దేశంలో క్షయను అడ్డుకోవడానికి వేసే బీసీజీ టీకాలు 1948లో మొదలైన చోటు మదనపల్లె. 1950 నుంచి డాక్టర్ యోహానెస్ ఫ్రీమోట్–మ్యోలర్ నాయకత్వంలో చుట్టుపక్కల పల్లెల్లో పది వేల పైచిలుకు మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి బీసీజీ వేసి, ఏళ్ళ తరబడి వెంట ఉండి చూశారు. బ్రిటన్‌లో బాగా పనిచేసిన అదే టీకా రాయలసీమ పల్లెల్లో అంతకంటే చాలా తక్కువ రక్షణే ఇచ్చింది. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో దీనికి ఎన్నో రెట్ల పెద్ద పరీక్ష మొదలై, 1979లో వెలువడిన ఫలితంలో పెద్దవారి ఊపిరితిత్తుల క్షయ నుంచి బీసీజీ రక్షణ ఇవ్వలేదని తేలింది.

ఈ పరీక్షల్లో పల్లెజనం ఎంతవరకు తెలిసి ఒప్పుకున్నారన్నదానికి కాగితపు ఆధారం వెతకడం కష్టం. అప్పటి పద్ధతిలో ఊరి పెద్ద ఒప్పుకుంటే ఊరు ఒప్పుకున్నట్టే. అయితే జనం నోరులేనివారని అనుకోవడం పొరపాటు. 1950ల మధ్యలో మద్రాసు రాష్ట్రంలో బీసీజీ మీద గట్టి వ్యతిరేకత లేచింది. ఏ.వి. రామన్ అనే ఆయన దానికి వ్యతిరేకంగా వ్యాసాలు రాశాడు. 1955లో చక్రవర్తి రాజగోపాలాచారి ఈ టీకాను ఎందుకు వ్యతిరేకిస్తున్నాడో చెబుతూ పుస్తకం వేశాడు. ఆరోగ్యవంతులైన పిల్లల ఒంట్లోకి జీవమున్న క్రిమిని ఎక్కించే ముందు తల్లిదండ్రులను అడగాలన్న మాట అప్పుడే వీధిలోకి వచ్చింది. శాస్త్రం విషయంలో ఆ ఉద్యమం అన్నిచోట్లా సరిగ్గా లేకపోయినా, అడగాలన్న మాట మాత్రం సరైనదే.

క్షయ పరిశోధనలో మలుపు 1956లో మద్రాసులో వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి అక్కడ ఒక క్షయ చికిత్సా కేంద్రం పెట్టాయి. నడిపించినవాడు వాలెస్ ఫాక్స్. అప్పటికి క్షయకు మందులు వచ్చాయి, కానీ రోగిని శానటోరియంలో ఉంచి, విశ్రాంతి ఇచ్చి, పాలు, గుడ్లు, మాంసం పెట్టాలన్న నమ్మకం బలంగా ఉంది. దేశంలో రోగులు లక్షల్లో ఉంటే శానటోరియం పడకలు వేలల్లోనే. మందులు మింగుతూ ఇంట్లోనే ఉంటే సరిపోతుందా అన్నది ప్రశ్న. పేద పేటల నుంచి వచ్చిన 193 మంది రోగులను చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేశారు. ఒక వర్గం తాంబరం శానటోరియానికి వెళ్ళింది, మరొక వర్గం తమ గుడిసెల్లోనే ఉండి ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ మందులు వాడింది.

ఇంట్లో ఉన్నవారు తక్కువ తిన్నారు, ఎక్కువ పని చేశారు, తక్కువ బరువు పెరిగారు. అయినా తెమడలో క్రిములు పోవడంలో వారు శానటోరియం రోగులకు దాదాపు సమానంగా నిలిచారు. వారితో ఒకే గదిలో పడుకున్న కుటుంబసభ్యులకు అదనపు ముప్పు కూడా కనబడలేదు. 1959లో ఈ ఫలితం వెలువడ్డాక లోకమంతా శానటోరియం తలుపులు మూతపడసాగాయి. లక్షలాది రోగులు ఇల్లు, పని, పిల్లలను వదలకుండా చికిత్స పొందగలిగారు. ఇంతమందికి ఇంత మేలు చేసిన పరిశోధనలు చాలా తక్కువ. దాన్ని తమ శరీరాలతో సాధించినవారు మద్రాసు పేటల కూలీలు, రిక్షావాళ్ళ వంటి పేదలే.

అదే కేంద్రం నుంచి 1961లో ఆహారం గురించి మరో పత్రం వచ్చింది. మంచి మందులు క్రమం తప్పకుండా వాడితే, తిండి తక్కువైనా రోగం నయమవుతుందని అది చెప్పింది. ఇది మందుల గురించి నిజం. కానీ వైద్యలోకం దీన్ని అవసరానికి మించి సాగదీసింది. క్షయకు తిండితో పెద్దగా సంబంధం లేదన్న అభిప్రాయం స్థిరపడింది. మందు పడిన రోగి కోలుకోవడం ఒక ప్రశ్న. ఇంకా రోగం రాని భార్యకో, కొడుకుకో అది రాకుండా తిండి కాపాడుతుందా అన్నది వేరే ప్రశ్న. రెండో ప్రశ్నను మద్రాసులో ఎవరూ అడగలేదు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ దగ్గర పాప్‌వర్త్ అనే క్షయ రోగుల గ్రామంలో మంచి ఇల్లు, పని, కడుపునిండా తిండి దొరికిన కుటుంబాల పిల్లలకు క్రిమి సోకినా జబ్బుగా ముదరడం అరుదని మందులు రాకముందే గమనించారు. అది మరుగున పడిపోయింది.

ఈలోగా ఒప్పుకోలు గురించి లోకం కొత్త నియమాలు రాసుకుంది. నాజీ డాక్టర్ల విచారణ తర్వాత 1947లో వచ్చిన న్యూరెంబర్గ్ సూత్రాల్లో మొదటిదే స్వచ్ఛందమైన సమ్మతి. 1964లో ప్రపంచ వైద్య సంఘం హెల్సింకి ప్రకటన చేసింది. భారత వైద్య పరిశోధన మండలి తన మొదటి నైతిక విధాన ప్రకటనను 1980లో, విస్తృత మార్గదర్శకాలను 2000లో విడుదల చేసింది. 2007లో దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదుకు బహిరంగ రిజిస్ట్రీ మొదలైంది, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి అయింది.

నియమాలు ఎంత స్పష్టంగా ఉన్నా కొన్నిచోట్ల ప్రశ్న తేలిక కాదు. జంషెడ్‌పూర్‌కు పడమట, హౌరా–బొంబాయి రైలు మార్గం మీద ఉన్న మరో ఉక్కు నగరం రూర్కెలా. అక్కడి ఇస్పాత్ జనరల్ హాస్పిటల్ తీవ్ర మలేరియా మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో భారతదేశపు కేంద్రం. బంగ్లాదేశ్, మయన్మార్, ఇండోనేషియాలతో కలిపి 1461 మంది రోగుల్లో క్వినైన్‌కు, ఆర్టిసునేట్‌కు మధ్య పోలిక చూశారు. 2005లో వచ్చిన ఫలితం ప్రకారం క్వినైన్ పడినవారిలో 22 శాతం, ఆర్టిసునేట్ పడినవారిలో 15 శాతం చనిపోయారు. ఆ తర్వాత తీవ్ర మలేరియాకు క్వినైన్ వెనక్కి తగ్గింది. మెదడుకు మలేరియా ఎక్కి స్పృహ లేని మనిషి సంతకం పెట్టలేడు. అతని తరఫున పక్కనున్న తమ్ముడో, భార్యో ఒప్పుకోవాలి. జార్ఖండ్, ఒడిశా అడవి ప్రాంతాల్లో మలేరియాతో ఆసుపత్రికి వచ్చే కుటుంబాలకు ఆ నిమిషంలో ఆలోచించే తీరిక ఎంత ఉంటుంది! అయినా ఈ అధ్యయనం జరగకపోతే తర్వాత వచ్చిన రోగుల్లో ఎంతోమంది పాత మందుతోనే పోయేవారు. కుటుంబం ఒప్పుకున్న తర్వాత, స్పృహ వచ్చిన రోగికి మళ్ళీ చెప్పి అతని మాట తీసుకోవాలన్న ఇవాళ్టి నియమం ఇలాంటి సందర్భాల కోసమే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ఒప్పుకోలు ప్రశ్న వేరే రూపంలో ముదిరింది. హైదరాబాద్ జెనరిక్ మందుల రాజధాని అయ్యాక, కొత్త కంపెనీ మాత్ర పాత మాత్రకు సమానమని చూపే పరీక్షలు అక్కడ పెరిగాయి. ఆరోగ్యవంతుడైన వలంటీరు రాత్రి నుంచి ఏమీ తినకుండా ఉండి, పొద్దున మాత్ర మింగుతాడు. చేతికి గుచ్చిన గొట్టం నుంచి గంటగంటకూ రక్తం తీస్తారు. కొన్ని రోజుల విరామం తర్వాత రెండో కంపెనీ మాత్రతో మళ్ళీ అదే. రెండుసార్లు రక్తంలో చేరిన మందు మోతాదుల నిష్పత్తి 80–125 శాతం హద్దుల్లో ఉంటే మాత్ర సమానమైనట్టు. దీనికి డబ్బిస్తారు. పని దొరకని యువకులకు ఆ డబ్బే మొదటి ఆకర్షణ. ఒక కేంద్రంలో గడువు తీరకముందే మరో కేంద్రానికి వెళ్ళడం, దళారుల చేతుల్లో పడడం దీంతోనే వచ్చాయి. 2017లో కరీంనగర్ ప్రాంతపు యువకుల కథలు పత్రికలకెక్కాయి. అంతకుముందు 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ పేద మహిళలను హైదరాబాద్ తీసుకువెళ్ళి మందు పరీక్షలో చేర్చిన సంగతి బయటపడి, కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ పరీక్ష నడిపిన సంస్థ అనుమతిని ఆపేశారు.

అన్నింటికంటే లోతైన గాయం ఖమ్మం జిల్లాది. 2009 జూలైలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టాయి. సుమారు 14 వేల మందికి వేశారు. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో చదివే గిరిజన బాలికలు. కొందరు బాలికల మరణాల వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఈ కార్యక్రమాన్ని ఆపింది. టీకాకు, ఆ మరణాలకు సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. బయటపడినది వేరే సంగతి. పరిశీలించిన 9543 సమ్మతి పత్రాల్లో 1948 వేలిముద్రలతో ఉన్నాయి, 2763 పత్రాల మీద సంతకం పెట్టినవారు తల్లిదండ్రులు కారు, హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. భద్రాచలం అడవుల్లో ఉన్న తల్లికి తన కూతురు ఏ పరీక్షలో భాగమో తెలియదు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే. ఇవాళ ఎన్నో దేశాలు పిల్లలకు వేస్తున్నాయి. మంచి టీకాకు చెడ్డ పేరు తెచ్చింది అడగకపోవడమే, ఆ అపనమ్మకం ఆ జిల్లాను ఏళ్ళపాటు వదలలేదు.

ఇలాంటి మందు పరీక్షల్లోని అక్రమాల మీద ఇండోర్‌కు చెందిన స్వాస్థ్య అధికార్ మంచ్ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013లో పరిహారం నియమాలు వచ్చాయి, సమ్మతిని వీడియోలో రికార్డు చేయాలన్న ఆదేశం వచ్చింది. 2019 మార్చిలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు అమలులోకి వచ్చాయి. ప్రతి ట్రయల్‌కూ నైతిక సంఘం ముందుగా అనుమతి ఇవ్వాలి. ఆ సంఘంలో సగం మందైనా బయటివారు ఉండాలి, వైద్యంతో సంబంధం లేని మామూలు పౌరుడూ ఉండాలి. పాల్గొనేవారికి వారికి అర్థమయ్యే భాషలో కాగితం ఇవ్వాలి. చదువురానివారి పక్కన పరిశోధనతో ప్రమేయం లేని సాక్షి ఉండాలి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. కోవిడ్ కాలంలో ఈ నియమాలకు పెద్ద పరీక్ష ఎదురైంది. 2020 జూలైలో హైదరాబాద్ నిమ్స్, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి సహా 11 ఆసుపత్రుల్లో 375 మంది కోవాక్సిన్ తొలి దశలో చేరారు. మూడో దశలో సుమారు 25,800 మంది. ఫలితం రాకముందే 2021 జనవరిలో టీకాకు అత్యవసర అనుమతి రావడంతో, ఉత్త సూది పడినవారికి అసలు టీకా ఎప్పుడు ఇవ్వాలన్న న్యాయమైన ప్రశ్న ముందుకొచ్చింది.

ఈ కొత్త నియమాలు వచ్చిన 2019లోనే సింగ్‌భూమ్‌లో ‘రేషన్స్’ అధ్యయనం మొదలైంది. నడిపించినవారు మంగళూరు యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ. వారి ప్రశ్నకు మూలం ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి అనుభవం. అక్కడ చికిత్సకు వచ్చిన 1695 మంది క్షయ రోగుల్లో మగవారి మధ్యస్థ బరువు సుమారు 42 కిలోలు, ఆడవారిది 34 కిలోలు. క్షయ ఆకలిని తెస్తుందా, ఆకలి క్షయను తెస్తుందా అన్నది తేల్చాలంటే మద్రాసు అడగని ప్రశ్నను ఇప్పుడు అడగాలి.

తూర్పు సింగ్‌భూమ్, పశ్చిమ సింగ్‌భూమ్, సరాయ్‌కేలా–ఖర్సావాన్, రాంచీ జిల్లాల్లో జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమానికి చెందిన 28 యూనిట్లను ఎంచుకున్నారు. 2019 ఆగస్టు నుంచి 2021 జనవరి దాకా 2800 మంది రోగులు, వారి ఇళ్ళలోని 10,345 మంది కుటుంబసభ్యులు చేరారు. వీరిలో దాదాపు మూడింట రెండు వంతులు ఆదివాసీలు. రోగుల్లో నూటికి 80 మందికి పైగా ఉండాల్సిన బరువు లేనివారు. దాదాపు సగం మంది తీవ్రంగా చిక్కిపోయినవారు.

అధ్యయనం కట్టిన తీరులో నైతిక ఆలోచన కనిపిస్తుంది. రోగులందరికీ, ఏ వర్గమైనా సరే, నెలకు 10 కిలోల ఆహార బుట్ట ఇచ్చారు. అందులో బియ్యం, పప్పులు, పాలపొడి, నూనె, విటమిన్ మాత్రలు. రోజుకు 1200 కిలోకేలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు. అనారోగ్యంతో ఉన్న మనిషికి తిండి ఆపి ఫలితం చూడడం ఎవరికీ ఒప్పుకోదగినది కాదు. తేడా కుటుంబసభ్యుల దగ్గర. కొన్ని యూనిట్లలో ఇంట్లోని ప్రతి పెద్దవారికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్లు ఆరు నెలలు ఇచ్చారు. మిగతా యూనిట్లలో ఇంటి మామూలు తిండే. ఎవరికి వస్తుందో చీటీ తీసింది మనుషులకు కాదు, మొత్తం యూనిట్లకు. ఒకే ఊళ్ళో ఒక ఇంటికి పప్పు వచ్చి పక్కింటికి రాకపోతే పంచుకోవడమూ జరుగుతుంది, మనసు కష్టపడడమూ జరుగుతుంది. ఊళ్ళు ఊళ్ళుగా విడదీస్తే ఆ రెండూ తగ్గుతాయి.

అయినా తిండి దొరకని వర్గం సంగతి ఆలోచించాల్సిందే. వారికి ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం హక్కు, కరోనా కాలంలో దానికి తోడు ఉచిత బియ్యం ఉన్నాయి. అంటే అధ్యయనం వారి నుంచి ఏదీ లాక్కోలేదు. అందరికీ అందుతున్నదానికి అదనంగా పప్పు, మరికొంత బియ్యం కలిపితే ఏమవుతుందని మాత్రమే అడిగింది. ప్రభుత్వం ఏనాడో అడగవలసిన ప్రశ్న ఇది. అడగడానికి ఇన్నేళ్ళు పట్టిందంటే, పేదవాడి పళ్ళెంలో పప్పు లేకపోవడం అందరికీ అలవాటైపోయిన దృశ్యం కావడమే కారణం.

2022 జూలై చివరి దాకా వేచి చూశారు. మొత్తం 218 మందికి క్షయ వచ్చింది. తిండి అందని వర్గంలో 4724 మందిలో 122, అందిన వర్గంలో 5621 మందిలో 96. అన్ని రకాల క్షయ కలిపితే 39 శాతం, పరీక్షలో క్రిమి కనబడిన ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవారికి మరణ ముప్పు దాదాపు 60 శాతం తక్కువ. 2023 ఆగస్టులో ఈ ఫలితాలు లాన్సెట్, లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికల్లో వెలువడ్డాయి. ఒక టీకా ఇంత రక్షణ ఇచ్చి ఉంటే లోకం పండగ చేసుకునేది. మదనపల్లె, చెంగల్పట్టు పల్లెలు బీసీజీ నుంచి ఆశించి పొందలేకపోయినదాన్ని సింగ్‌భూమ్ ఇళ్ళు బియ్యం, పప్పుతో సాధించాయి.

ఇక్కడ పాల్గొనడం అంటే ఒక సూది, ఒక మాత్ర కాదు. ఆరు నెలలు ఇంటికి వచ్చే మనిషికి తలుపు తీయడం, బరువు తూగడం, దగ్గు వస్తే దాచకుండా చెప్పడం, తెమడ డబ్బాలో పట్టి ఇవ్వడం, ఆ తర్వాత కూడా నెలల తరబడి కనిపెట్టి ఉండనివ్వడం. క్షయ ఉన్న ఇల్లని ఊరికి తెలిస్తే పిల్ల పెళ్లి ఆగిపోయే చోట్ల అలా తలుపు తీయడం చిన్న విషయం కాదు. అందులోనూ సంతాలీ, హో, ముండారీ మాట్లాడే ఇళ్ళకు హిందీ కాగితం చదివి వినిపిస్తే సరిపోదు. బస్తీలో పుట్టిన తెలుగువాడికి తెలుగు మాట్లాడడం వచ్చినా చదవడం రాకపోవచ్చు, హో భాష ఇంట్లో పెరిగిన అమ్మకు ఏ లిపీ రాకపోవచ్చు. సమ్మతి అన్నది చివరికి ఒక నమ్మదగిన మనిషి ఇంటి అరుగు మీద కూర్చుని ఇంటి భాషలో చెప్పే మాటల్లోనే ఉంటుంది, అడిగిన ప్రతి ప్రశ్నకూ బదులిచ్చే ఓపికలో ఉంటుంది. ఖమ్మం హాస్టళ్ళలో కరువైంది అదే.

పాల్గొన్నవారి వాటా లెక్క ఇంకా తేలుతూనే ఉంది. క్షయ రోగులకు పోషణ కోసం 2018 నుంచి నిక్షయ్ పోషణ యోజన కింద నెలకు 500 రూపాయలు ఖాతాలో పడేవి. 2024 నవంబరు నుంచి అది 1000 రూపాయలైంది. దాతలు రోగులకు ఆహార బుట్టలు ఇచ్చే నిక్షయ్ మిత్ర పథకం 2022 సెప్టెంబరులో మొదలై, తర్వాత కుటుంబసభ్యులకూ విస్తరించింది. అధ్యయనం చూపిన మేలు ప్రధానంగా కుటుంబసభ్యులది. నగదు మాత్రం రోగి ఖాతాకే. దాత దొరికిన ఇంటికి బుట్ట వస్తుంది, దొరకని ఇంటికి రాదు. సింగ్‌భూమ్, రాంచీ ప్రాంతాల్లో పదివేల మంది ఇచ్చిన జవాబు ప్రకారం, క్షయ సోకిన ప్రతి ఇంట్లో ప్రతి మనిషికీ నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు హక్కుగా చేరాలి.